మాటల చికిత్స: ఒక రోగిణి చరిత్రము

దేహమునకు వచ్చిన వ్యాధిని వైద్యునితో జెప్పుకొనుటకు మనలో నెవ్వరును సంకోచింపరు. జ్వరము వచ్చినచో నాడి చూపుకొందుము. ఎముక విఱిగినచో కట్టు కట్టించుకొందుము. కాని "నేనెవరను? నా బ్రతుకున కర్థమేమి? ఏ కొఱతయు లేని యింట నా మనసేల యిట్లు కుములుచున్నది?" అను బాధ పుట్టినపుడు దానిని చెప్పుకొనుటకు దగిన చోటు మన గృహములలో మిక్కిలి యరుదు. చెప్పుకొనుటకు వీలులేని బాధ యూరకుండదు. అది యొకచో మూర్ఛగను, ఒకచో మౌనముగను, ఒకచో వైద్యునకు బట్టుబడని నొప్పిగను బయలుపడును. దానిని జూచి గాలిసోకినదని కొందఱు భూతవైద్యుని బిలుతురు. నటనయని కొందఱు కసరుదురు. పెండ్లియైనచో నన్నియు సర్దుకొనునని కొందఱు ముహూర్తము పెట్టింతురు. ఆ మనిషిని గూర్చుండబెట్టి, "నీకేమి జరిగినది? చెప్పుము, వినెదను" అని యడుగువారు మాత్రము కానరారు.

ఇట్లడిగి వినుటయే చికిత్సగా నేర్పడిన పద్ధతి యొకటి యైరోపాఖండమున పందొమ్మిదవ శతాబ్దపు కడపటి భాగమున బుట్టినది. మనసు యొక్క పైపొరను మాత్రమే కాక, దాని యడుగున దాగియున్న స్మృతులను, కోరికలను, భయములను వెదకి, రోగి తన్ను తాను దెలిసికొని తన జీవితమునకు దానే యర్థము గల్పించుకొనునట్లు చేయుట యీ పద్ధతి యుద్దేశము. దీని చరిత్రమును వ్రాయువారు సాధారణముగా వైద్యుల పేళ్లతో నారంభింతురు. మేము రోగిణితో నారంభింపదలచితిమి. ఏలయన, ఈ చికిత్సకు మొదట పేరు పెట్టినది వైద్యుడు కాడు, ఆమెయే. ఇది యెంతవఱకు ఫలించునో, ఎచ్చట నిలిచిపోవునో తెలిసికొనుటకును ఆమె జీవితమే మనకు మంచి ప్రమాణము.

ఆమె పేరు బెర్తా పాపెన్‌హైమ్. 1859వ సంవత్సరము ఫిబ్రవరి 27వ తేదీన ఆస్ట్రియా రాజధానియగు వియన్నా నగరమున, ఆచారనిష్ఠగల సంపన్నులైన యూదుల కుటుంబమున జన్మించెను. బుద్ధి తీక్ష్ణమైనది, జ్ఞాపకశక్తి గొప్పది. మాతృభాషయగు జర్మనుగాక ఆంగ్లము, ఫ్రెంచి, ఇటాలియను భాషలను నేర్చెను. ఐనను పదునాఱవ యేట నామె చదువు ముగిసెను. ఆమెకంటె నేడాదిన్నర చిన్నవాడైన తమ్ముడు ఉన్నత పాఠశాలకును, పిదప విశ్వవిద్యాలయమునకును బోవుచుండగా, అక్క కుట్టుపనియు, అల్లికయు, పియానో వాద్యమును నభ్యసించుచు, పెండ్లికొఱకు కనిపెట్టుకొని యింట గూర్చుండవలసినదాయెను. చేతులకు బని యుండెను గాని మనసునకు బనిలేదు. అందుచే చేతులు కుట్టుచుండగా మనసు కథలు కల్పించుకొనుచుండెడిది. ఎవరైన బిలిచినచో వెంటనే పలుకుచుండుటచేత నీ సంగతి యింట నెవ్వరికిని దెలియదు. ఈ పగటికలలకు నామె 'నా సొంత నాటకశాల' యని పేరు పెట్టుకొనెను. చదువుకొను శక్తిగల యాడుపిల్లకు చదువు మాన్పించినచో నా శక్తి యేమగునని యడుగువారికి ఈ నాటకశాలయే యుత్తరము.

1880 జూలై మాసమున తండ్రికి ఊపిరితిత్తుల పొరచెంత చీముగడ్డ లేచి ప్రాణాపాయకరమైన జబ్బుచేసెను. ఇరువదియొక యేండ్ల బెర్తా రాత్రులు మేలుకొని యుపచారము చేయుచు, కొలదినెలలలో దానే మంచమెక్కెను. విడువని దగ్గు, మెల్లకన్ను, కుడిచేయి చచ్చుపడుట, ఉన్నవి లేనట్లును లేనివి యున్నట్లును కానవచ్చుట మొదలగు లక్షణము లొకదానివెంట నొకటి తోచెను. కొన్నాళ్లు మాటయే పడిపోయెను. మరల వచ్చినపుడు మాతృభాష రాక ఆంగ్లము మాత్రమే వచ్చెను. 1881 ఏప్రిల్ 5వ తేదీన తండ్రి మరణింపగా వ్యాధి మఱింత ముదిరెను. అప్పటి వైద్యులు దీనికి హిస్టీరియా యని పేరు పెట్టిరి. ఆ పేరు తగిలించిన పిదప పెక్కండ్రు వైద్యులు రోగిణి మాటలను లక్ష్యపెట్టుట మానివేయు కాలమది.

ఆమెకు వైద్యము చేసిన యోసెఫ్ బ్రాయరు అట్టివాడు కాడు. 1842లో జన్మించిన యీయన ఊపిరి యాడుటను నియమించు నరముల పనిని, దేహమునకు నిలుకడ నిచ్చు చెవి లోపలి గొట్టముల పనిని కనిపెట్టి ప్రసిద్ధినొందిన శాస్త్రజ్ఞుడు. ఆయన దినదినము సాయంకాలము వచ్చి కూర్చుండి, అర్ధనిద్రవంటి స్థితిలో ఆమె గొణుగు మాటలను వినుచుండెను. కథ పూర్తిగా జెప్పిన రాత్రి యామె నెమ్మదిగా నిద్రించెడిది. చెప్పని మఱునాడు కలత హెచ్చెడిది. ఈ సంగతిని మొదట గమనించి పేరు పెట్టినది రోగిణియే. తన కప్పుడు వచ్చిన ఆంగ్లభాషలోనే దీనిని గంభీరముగా 'మాటల చికిత్స' యనియు, పరిహాసముగా 'పొగగొట్టము తుడుచుట' యనియు బిలిచెను. మసి యడ్డుపడిన గొట్టము తుడువక పొగ బయటికి బోదుగదా!

ఒక యుదాహరణము చెప్పెదము. ఎండలు మండు వేసవిలో నామె ఆఱువారములు నీరు త్రాగలేకపోయెను. గ్లాసు పెదవికి దాకగానే నెట్టివేసి, పండ్లతో దాహము దీర్చుకొనుచుండెను. కారణము తనకే తెలియదు. ఒక సాయంకాలము బ్రాయరుతో మాటలాడుచు, తనకు గిట్టని యొక ఆంగ్ల దొరసాని గదిలో నామె చిన్న కుక్క గ్లాసులోని నీరు త్రాగుచుండగా జూచితిననియు, మర్యాదకొఱకు నోరుమూసికొంటిననియు జెప్పెను. ఆనాడు మ్రింగిన యేవగింపును, కోపమును ఇపుడు పూర్తిగా వెడలగ్రక్కి, వెంటనే నీరడిగి కడుపునిండ ద్రాగెను. అంతటినుండి యొక్కొక్క లక్షణమును బట్టుకొని, అది మొట్టమొదట దోచిన సందర్భమువఱకు వెనుకకు నడచుట యనునదియే చికిత్సాక్రమ మాయెను. 1882 జూన్ మాసమున నీ చికిత్స ముగిసెను.

ఆ సంవత్సరము చివర బ్రాయరు ఈ కథను తనకంటె 14 యేండ్లు చిన్నవాడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ అను వైద్యునికి జెప్పెను. ఇరువురును గూడి 1895లో హిస్టీరియానుగూర్చి యొక గ్రంథమును బ్రకటించిరి. అందు మొదటి రోగిణి బెర్తాయే. పేరు దాచుటకై బి, పి అను నక్షరములకు ముందుండు ఏ, ఓ అను నక్షరములను గైకొని, 'అన్నా ఓ' అని పిలిచిరి. 1896లో ఫ్రాయిడ్ తన పద్ధతికి మనోవిశ్లేషణము అని పేరు పెట్టెను. అర్ధనిద్రను విడిచి, రోగి మెలకువతోనుండి మనసున దోచినదెల్ల దాచక చెప్పవలెనని నియమించెను. 1909లో అమెరికాలోని క్లార్కు విశ్వవిద్యాలయమున నుపన్యసించినపుడు, ఈ విద్యకు మొదలు వేసినవాడు బ్రాయరని చెప్పి, యీ రోగిణి కథతోనే యారంభించెను. ఇట్లొక యువతి సాయంకాలపు మాటలు గొప్ప శాస్త్రశాఖకు బునాదిరాయి యయ్యెను.

ఆ శాస్త్రము త్వరలోనే కొమ్మలుగా జీలెను. బాధకు మూలము బాల్యమున నణచివేయబడిన కోరికలందున్నదని ఫ్రాయిడ్ చెప్పెను. తాను తక్కువవాడనను భావమును గెలిచి లోకముతో గలిసి పనిచేయుటయే యారోగ్యమని ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్ 1911లో వేఱుపడెను. స్విట్జర్లాండు దేశీయుడగు కార్ల్ యుంగ్ 1913లో విడిపోయెను. తనయొద్దకు వచ్చువారిలో నించుమించు మూడవవంతు జనులకు ఫలానా వ్యాధి యని చెప్పదగినదేమియు లేదనియు, జీవితము నిరర్థకమును, నిర్లక్ష్యమునై పోవుటయే వారి బాధయనియు ఆయన 1929లో వ్రాసెను. మనుష్యుడు తనలోని వెలుగును, చీకటిని గూడ నంగీకరించి సమగ్రుడగుటయే చికిత్స గమ్యమని యాయన మతము. వియన్నా నగరమునకే చెందిన విక్టర్ ఫ్రాంకెల్ 1942 మొదలు 1945 వఱకు నాజీల నిర్బంధశిబిరములలో నుండి, తల్లిని, తండ్రిని, అన్నదమ్మునొకని, భార్యను గోలుపోయి, బయటికి వచ్చిన మఱు సంవత్సరమే, అర్థమును వెదకుటయే మనుష్యునకు ముఖ్యమైన ప్రేరణమని గ్రంథము వ్రాసెను. మన దేశమున గిరీంద్రశేఖర బోసు 1922లో కలకత్తాయందు మనోవిశ్లేషణ సంఘమును స్థాపించి, ఫ్రాయిడ్‌తో నుత్తరప్రత్యుత్తరములు జరుపుచు, కొన్ని విషయములలో ధైర్యముగా భేదించెను.

ఇంతవఱకు జెప్పినది వైద్యుల చరిత్రము. రోగిణి యేమాయెను? 1895 నాటి గ్రంథమున బ్రాయరు, ఆమె మనసు పూర్తిగా కుదుటబడుటకు కొంతకాలము పట్టినదనియు, పిమ్మట సంపూర్ణారోగ్యముతో నున్నదనియు రెండు వాక్యములలో ముగించెను. చదివినవారందఱు మాటలచేతనే వ్యాధి మానినదని నమ్మిరి. 1953లో ఫ్రాయిడ్ జీవితచరిత్రమును వ్రాసిన ఎర్నెస్ట్ జోన్స్, 'అన్నా ఓ' యనగా బెర్తా పాపెన్‌హైమ్ అని వెల్లడించెను. పిదప మాంట్రియల్ నగరమున నాచార్యుడుగా నుండిన హెన్రీ ఎలెన్‌బెర్గర్ అను చరిత్రకారునకు, గుఱ్ఱపుస్వారి దుస్తులతోనున్న యామె ఛాయాచిత్రము లభించెను. దానిపై 1882 అను సంవత్సరమును, చెఱిగిపోయిన ఛాయాచిత్రకారుని చిరునామాయు నుండెను. నగర పోలీసుల ప్రయోగశాలలో నా చిరునామాను పరీక్షింపగా జర్మనీ దేశపు కాన్‌స్టన్జ్ పట్టణమని తేలెను. మాటల చికిత్సచే స్వస్థతనొందినదన్న యామెకు ఆ సంవత్సరమున నచ్చటనేమి పని? ఆ పట్టణమునకు సరిహద్దుకావల, స్విట్జర్లాండులోని క్రోయిత్స్‌లింగెన్ అను నూర మనోరోగుల చికిత్సాలయ మొకటి యుండెను. అచ్చటి పాత కాగితములలో బెర్తా వృత్తాంతము దొరకెను.

1882 జూలై 12వ తేదీన, అనగా చికిత్స ముగిసినదన్న మఱుసటి నెలలోనే, ఆమె యచ్చట జేర్పబడి అక్టోబరు చివరివఱకు నుండెను. పంపినవాడు బ్రాయరే. ముఖమున భరింపరాని నరపునొప్పి; దాని నణచుట కిచ్చిన మార్ఫియాకు దేహమలవాటుపడి విడువలేని స్థితి; మాతృభాష యప్పటికిని నప్పుడప్పుడు తప్పిపోవుట. 1883 మొదలు 1887 వఱకు మఱి మూడుమాఱులు వియన్నాకు సమీపమున నొక చికిత్సాలయమున నుండవలసివచ్చెను. ఆమెకు వచ్చినది మనోవ్యాధి మాత్రమే కాదనియు, మెదడునకు సంబంధించిన వ్యాధి కూడ నుండవచ్చుననియు తరువాతి వైద్యులు కొందఱు వాదించిరి. ఏది యెట్లున్నను, గ్రంథములో జెప్పిన ముగింపు నిజమైన ముగింపు కాదు. వినుటచేత నామెకు మేలు కలిగినమాట సత్యము. వినుటచేతనే యామె స్వస్థురాలైనదనుట యసత్యము. ఒక రోగిణి జీవితము నొక సిద్ధాంతమునకు సాక్ష్యముగా నిలుపదలచినపుడు సత్యమెట్లు కత్తిరింపబడునో దీనివలన దెలియుచున్నది.

1888 నవంబరులో తల్లికూతుండ్రు తల్లి పుట్టిల్లగు ఫ్రాంక్‌ఫర్ట్ నగరమునకు జేరిరి. అక్కడి బంధుస్త్రీలు ధర్మకార్యములందు శ్రద్ధగలవారు. బెర్తా వారితో గూడి, తూర్పు దేశములనుండి కట్టుబట్టలతో వచ్చిన పేద యూదులకు గంజి వడ్డించుటతో బని మొదలుపెట్టెను. అనాథబాలికలకు కథలు చదివి వినిపించెను. ఒకప్పుడు తన నాటకశాలలో దాచుకొన్న కథాశక్తి యిపుడు కాగితమునకెక్కి, 1890లో మాఱుపేరుతో నొక కథలపుస్తకమై వెలువడెను. 1895లో నామె యూద బాలికల యనాథశరణాలయమునకు పెద్దదిక్కయ్యెను. ఆ సంవత్సరమును చదువరులు గుర్తింతురు గాక. వియన్నాలో నొక గ్రంథమామెను రోగిణిగా లోకమునకు జూపిన యేడే, ఫ్రాంక్‌ఫర్ట్‌లో నామె తల్లిలేని పిల్లలకు తల్లియై నిలిచెను. పండ్రెండేండ్లు ఆ పని విడువలేదు. తనకు నిరాకరింపబడిన చదువు ఆ పిల్లలకు లభింపవలెననియు, వారు తమ కాళ్లపై నిలువదగిన పనులు నేర్వవలెననియు నామె పట్టు.

1899లో మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ స్త్రీల హక్కులనుగూర్చి 1792లో వ్రాసిన ఆంగ్ల గ్రంథమును జర్మనులోనికి దెచ్చెను. 1904లో యూద స్త్రీల మహాసంఘమును స్థాపించి, 1924 వఱకు దానికి అధ్యక్షురాలుగా నుండెను. ఆ సంఘమున నించుమించు 50,000 మంది స్త్రీలు చేరిరి. తూర్పు ఐరోపాలోని పేద యూదుల గ్రామములనుండి, పెండ్లి యనియు, కొలువు అనియు నమ్మించి బాలికలను దూరదేశములకు గొనిపోయి వ్యభిచారమునకు విక్రయించు దుర్మార్గము నాడుండెను. బెర్తా స్వయముగా నా దేశములు దిరిగి, చూచినది చూచినట్లు వ్రాసెను. తమ మతపు పరువు పోవునని పెద్దలు కొందఱు కసరినను మానలేదు. భర్త విడిచిపోయినను మరల పెండ్లాడ వీలులేని స్త్రీల దుఃఖమును, పెండ్లికాని తల్లుల బిడ్డలను దూరము చేయు కఠిన్యమును మతపెద్దల మొగముననే ఖండించెను. 1907లో నోయి-ఇసెన్‌బుర్గ్ అను నూర, అట్టి తల్లులకును, బిడ్డలకును, అపాయముననున్న బాలికలకును ఒక గృహమును దెఱచెను.

ఈ పనియే యామె వ్యాధికి మందాయెనని చెప్పుటకు మాకును నుత్సాహము కలుగుచున్నది. కాని బ్రాయరు కథకు ముగింపు కత్తిరించినాడని యంటిమి. మఱియొక వైపున మేమును కత్తిరింపరాదు. తన వ్యాధినిగూర్చి, ఆ చికిత్సనుగూర్చి యామె బహిరంగముగా నొక్కమాటయు వ్రాసియుండలేదు. మనోవిశ్లేషణము వైద్యుని చేతిలో రెండంచుల కత్తివంటిదని యామె యభిప్రాయమనియు, తన గృహమందలి బాలికలకు దానిని చేయనీయలేదనియు నామె నెఱిగినవారు వ్రాసియున్నారు. విన్న వైద్యుని యందు కృతజ్ఞత యుండెనో, తన కథను లోకమున బెట్టినందుకు నొప్పి యుండెనో, ఆ మౌనము వెనుక నుండిపోయెను. ఆ మౌనమును గౌరవించుటయు మన విధియే. తన్ను గూర్చి చెప్పుకొను హక్కు మనిషి కెట్లున్నదో, చెప్పకుండు హక్కును నట్లేయున్నది. మన దేశమున 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము రోగి రహస్యమును కాపాడుట యొక హక్కుగా నంగీకరించినది. బెర్తా కాలమున నట్టి రక్షణ రెండక్షరముల మాఱుపేరు మాత్రమే.

ఈ చరిత్రమునుండి మేము గ్రహించినది యిది. వినుట గొప్ప చికిత్స. కాని యది చికిత్సకు మొదలే గాని తుద కాదు. తన లోతులను దెలిసికొన్న మనిషికి ఆ తెలివితో నడచుటకు బయట దారి యుండవలెను. బెర్తా లోపలి నాటకశాలను బ్రాయరు తెఱచెను. కాని యా యింటి వీథితలుపు మూసియే యుండెను. చదువులేదు, వృత్తిలేదు, పెండ్లికొఱకు నిరీక్షణముదక్క వేఱొక భవిష్యత్తు లేదు. ఆ తలుపు తెఱచుట యే వైద్యునికిని వశము కాదు. అది సంఘము పని. మనసు లోతులను వెదకువారు సంఘమును మఱచినచో, అన్యాయమువలన గలిగిన బాధకు రోగిణి బాల్యమందే కారణము వెదకుచుందురు. సంఘమును సంస్కరింపదలచువారు మనసును మఱచినచో, చట్టము వచ్చి, బడి వచ్చి, కొలువు వచ్చిన పిమ్మటను కుములుచున్న మనిషిని జూచి, "ఇంక నీకేమి తక్కువ?" అని యడుగుదురు. ఆ ప్రశ్న మన విద్యావంతుల యిండ్లలోనే నేడు తఱచుగా వినబడుచున్నది.

కావున నింటిలో నెవరైన మనసు చెదరి, మాట తగ్గి, కారణములేని నొప్పులతో బాధపడుచున్నచో, ముందుగా దేహమున వ్యాధియున్నదేమో వైద్యునిచే బరీక్ష చేయింతము. బెర్తా విషయమున నీ సందేహ మిప్పటికిని దీఱలేదు. మానసిక వైద్యునియొద్దకు గొనిపోవుటకు సిగ్గుపడక, మందవసరమైన చోట మందును, మాట యవసరమైన చోట మాటను నిప్పింతము. ఆ మాటలను వీథిలో బెట్టకుందము. అన్నిటికంటె ముఖ్యముగా, ఆ మనిషి యే పనికొఱకు, ఏ చదువుకొఱకు, ఏ స్వేచ్ఛకొఱకు లోలోపల నలమటించుచున్నదో విని, విన్నదానిని మన చేతనైనంత జరిగింతము. విని యూరకుండుట వినకపోవుటకంటె నొక్కొక్కప్పుడు క్రూరము.

బెర్తా పాపెన్‌హైమ్ 1936 మే 28వ తేదీన, నాజీల యధికారము క్రింద, తన గృహముననే మరణించెను. 1938 నవంబరులో దుండగులా గృహముపై బడి నిప్పుపెట్టిరి. 1942లో నది మూయబడి, మిగిలిన వారు నిర్బంధశిబిరములకు గొనిపోబడిరి. 1954లో పశ్చిమ జర్మనీ ప్రభుత్వము, మానవజాతికి సాయపడినవారి స్మారకముగా వెలువరించిన తపాలా బిళ్లలలో నొకదానిపై నామె మొగమును ముద్రించెను. దానిమీదనున్నది 'అన్నా ఓ' కాదు. ఆమె సొంత పేరు. తన సమాధిని జూడవచ్చువారు పూలు తేక, స్త్రీల కార్యమును విడువక చేయుదుమను మౌనవాగ్దానముగా నొక చిన్నరాతిని మాత్రముంచి పోవలెనని యామె ముందుగనే వ్రాసిపెట్టెను. ఆ రాయి నుంచుటకు మనము ఫ్రాంక్‌ఫర్ట్ వఱకు బోనక్కఱలేదు. మన యింట మాట మ్రింగికొని కూర్చున్నవారి ప్రక్కన నొక గడియ కూర్చుండి విని, వారికొఱకు మూసియున్న తలుపు నొకదానిని తెఱచిన జాలును.